తోటికోడలు ముఖం తిప్పుకుంది... సైకాలజీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 31 ఏళ్లు. బీకామ్ చదివాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్ చూస్తాను. రెండేళ్ల కిందట తెలిసినావిడ దగ్గర చిట్టీ వేసి మోసపోయాను. అప్పటినుంచి మనుషుల్ని చదవడం నేర్చుకోవాలని ఫోన్‌లో సైకాలజీ వీడియోలు చూస్తున్నాను. బాడీ లాంగ్వేజ్, అబద్ధాలు కనిపెట్టడం, నార్సిసిస్టులు (అంటే తామే గొప్ప అనుకుంటూ ఎదుటివాళ్లను లెక్కచేయనివాళ్లు), ఇలాంటివి. ఈ మధ్య మా ఆడపడుచు గృహప్రవేశానికి బోడుప్పల్ వెళ్తే మా పెద్ద తోటికోడలు నన్ను చూసి ముఖం తిప్పుకుంది. వీడియోల్లో చెప్పిన లక్షణాలన్నీ ఆవిడలో ఉన్నాయి. నార్సిసిస్టేనని నాకు ఖాయమైపోయింది. మా ఆయనతో అంటే నవ్వేశారు. సైకాలజీ పద్ధతిగా చదవాలని ఉంది. రెండు నెలల ఆన్‌లైన్ కోర్సు చేస్తే 'సర్టిఫైడ్ సైకాలజిస్ట్' అని సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. ఫీజు 18 వేలు. చేరమంటారా? పోనీ డిస్టెన్స్‌లో ఎంఏ కట్టమంటారా? ఇంగ్లిష్ అంతంతమాత్రం.
– ఒక పాఠకురాలు, కొత్తపేట, హైదరాబాద్

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ 18 వేలు కట్టకండి. రెండు నెలల్లో ఎవరూ సైకాలజిస్ట్ కారు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి రిజిస్టర్‌లో పేరుండాలి. 1992 నాటి చట్టం అది. పీజీలో సైకాలజీ చదివి, ఆ పైన మండలి గుర్తించిన చోట, పేషెంట్ల మధ్య శిక్షణ పొందినవాళ్లకే ఆ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. చాలాకాలంగా ఆ శిక్షణ అంటే రెండేళ్ల ఎం.ఫిల్. మీకు ఫోన్ చేస్తున్నవాళ్లను "మీ సర్టిఫికెట్‌తో ఆర్‌సీఐ నంబర్ వస్తుందా?" అని ఒక్క మాట అడగండి. మాట ఎటు మళ్లుతుందో మీకే తెలుస్తుంది.

డిస్టెన్స్ ఎంఏ దారి కూడా ఇప్పుడు మూసుకుపోయింది. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపొద్దని యూజీసీ యూనివర్సిటీలకు చెప్పింది. ఆరోగ్య రంగ కోర్సుల్లో దాన్ని కలిపేశారు కాబట్టి. అలాంటి సీటు ఇప్పిస్తామని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే, ఫోన్ పెట్టేయండి.

ఇక చిట్టీ. మీ ఉత్తరంలో నొప్పి ఉన్నది అక్కడే అనిపించింది. ఆవిడ ముఖం చదవడం వచ్చి ఉంటే మోసపోయేదాన్ని కాదని మీ ఆలోచన. వీడియోలు అమ్ముకునేది కూడా సరిగ్గా ఈ ఆశనే. కళ్లు పక్కకు తిప్పితే అబద్ధం, ముక్కు రుద్దుకుంటే అబద్ధం అంటూ చెప్పుకుపోతారు. ఈ సంగతి మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి, 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డీపాలో లెక్క తీశారు. ఎదుటివాళ్లు చెప్పేది నిజమా అబద్ధమా అని మనుషులు సరిగ్గా పోల్చుకునేది సగటున నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. అబద్ధాలు పట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లు కూడా మామూలు వాళ్లకన్నా పెద్దగా మెరుగ్గా ఏమీ లేరని తేలింది. చిట్టీ దగ్గర మిమ్మల్ని కాపాడేది ఆవిడ కనుబొమలు కావు, కాగితం. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద ఆ చిట్టీ రిజిస్ట్రార్ దగ్గర నమోదైందా లేదా అన్న ఒక్క ప్రశ్న చాలు. తెలిసినావిడను అలా అడగడానికి మొహమాటం అడ్డొస్తుందే, అది మాత్రం అచ్చంగా సైకాలజీయే. ఎదుటివాళ్ల మనసు కన్నా మన మొహమాటం మీదే మనకు కాస్త పట్టు ఎక్కువ.

ఇప్పుడు బోడుప్పల్ వెళ్దాం.

"ముఖం తిప్పుకుంది" అని రాశారు. ఆ రోజు మీ కంటికి కనిపించింది ఏమిటి? మీరు గుమ్మంలోకి వచ్చారు, ఆవిడ హాల్లో ఉంది, ఆవిడ తల ఇటు నుంచి అటు తిరిగింది. ఇంతే. "నన్ను చూసి" అన్నది మీరు చేర్చింది. "తిప్పుకుంది", అంటే కావాలనే చేసింది, అదీ మీరు చేర్చిందే. గృహప్రవేశం అన్నాక హోమం పొగ ఉంటుంది, వంటవాళ్ల పిలుపులు ఉంటాయి, పిల్లాడు మెట్ల దగ్గరికి పరిగెత్తడం ఉంటుంది. ఆవిడకు నిజంగానే మీ మీద కోపం ఉండి ఉండొచ్చు, నేను కాదనను. ఉన్నా సరే, ఆ రోజు కోపంగా ఉండటానికీ, మనిషే అలాంటిదనడానికీ మధ్య చాలా దూరం ఉంది. అలాంటిదనడానికీ, ఫలానా మానసిక రుగ్మత ఉందనడానికీ మధ్య ఇంకా దూరం. మీరు ఒక్క గంతులో అక్కడ తేలారు.

ఇది మీ ఒక్కరి లోపం కాదు. 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అనే ఇద్దరు, క్యూబా నాయకుడు కాస్ట్రో గురించిన వ్యాసాలను కాలేజీ విద్యార్థుల చేత చదివించారు. "రాసినవాళ్లు సొంతంగా ఎంచుకోలేదు, ఏ పక్షం రాయాలో వాళ్లకు పైనుంచి చెప్పారు" అని ముందే చెప్పినా, కాస్ట్రోను పొగుడుతూ రాసినవాళ్లకు ఆయన మీద ఎంతో కొంత అభిమానం ఉండే ఉంటుందని చదివినవాళ్లు అంచనా వేశారు. పరిస్థితి అలా రాయించిందని తెలిసి కూడా, అది మనిషి స్వభావమే అనుకున్నారు. పదేళ్ల తర్వాత లీ రాస్ దీనికి మౌలిక ఆపాదన దోషం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పేరు మరిచిపోయినా ఫరవాలేదు. దసరా ముందు ఆదివారం మీ కౌంటర్‌ను గుర్తు తెచ్చుకోండి. స్కానర్ బార్‌కోడ్ పట్టట్లేదు, లైన్ మెట్ల దాకా ఉంది, ఎక్స్‌ఛేంజ్ అంటూ ఒకాయన పక్కనుంచి చెయ్యి చాపుతున్నాడు. అప్పుడెవరో "అమ్మా, ఇది ఫాల్ కుట్టిస్తారా?" అంటే మీరు తలెత్తకుండా "పైన అడగండి" అన్నారు. ఆ కస్టమర్ ఇంటికెళ్లి ఏమంటుంది? "అబ్బో, కౌంటర్లో కూర్చున్నామెకు ఎంత పొగరో!" మీకు మాత్రం స్కానర్ సంగతి తెలుసు. మనకైతే పరిస్థితి, ఎదుటివాళ్లకైతే బుద్ధి. తోటికోడలి స్కానర్ ఏమిటో మీకు కనపడలేదు, అంతే.

"లక్షణాలన్నీ సరిపోయాయి" అన్నారు కదా. 1949లో అచ్చయిన ఒక ప్రయోగంలో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, వారం తర్వాత "ఇది మీ వ్యక్తిత్వం" అని తలా ఒక కాగితం ఇచ్చాడు. మీకెంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటున 4 దాటింది. అందరికీ ఇచ్చిన కాగితం ఒకటే. అందులో వాక్యాలు చాలావరకు బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. ఆ వీడియోలోని జాబితా మళ్లీ పెట్టుకుని, ఈసారి మీ అమ్మగారిని మనసులో ఉంచుకుని వినండి. ఆ తర్వాత మిమ్మల్ని మీరు. నార్సిసిస్ట్ రుగ్మత ఉందని డాక్టర్లు తేల్చేది ఇలా కాదు. వాళ్ల దగ్గర 9 ప్రమాణాలుంటాయి, కనీసం 5 ఉండాలి, అవి తొలి యవ్వనం నుంచీ ఇల్లు, ఉద్యోగం, స్నేహాలు అన్నింట్లోనూ కనిపిస్తూ ఉండాలి. శిక్షణ ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడి తేల్చాలి. గృహప్రవేశం భోజనాల వరసలో నిలబడి తేల్చేది కాదు.

ఇవాళ రాత్రి మీ ఆయనతో ఒక ఆట ఆడండి. "నా మనసులో ఒక రూల్ ఉంది. 2, 4, 6 ఆ రూల్‌కి సరిపోతాయి. మీరు మూడేసి అంకెలు చెప్తూ ఉండండి, సరిపోతే అవునంటాను, లేదంటే కాదంటాను. రూల్ ఏంటో పక్కాగా తెలిసిందనుకున్నప్పుడు చెప్పండి" అనండి. ఆయన బహుశా 8, 10, 12 అంటారు. అవును. 20, 22, 24. అవును. 100, 102, 104. అవును. "ఇంకేముంది, రెండేసి పెరిగే సరి సంఖ్యలు!" అంటారు. కాదు అని చెప్పండి. మీ రూల్ ఉత్తిదే: ఏవైనా సరే, చిన్న దాని నుంచి పెద్ద దానికి పెరగాలి. 1, 2, 3 కూడా సరిపోతుంది, 5, 70, 900 కూడా. పీటర్ వాసన్ 1960లో లండన్‌లో చేసిన ప్రయోగం ఇది. ఎక్కువమంది మొదటిసారి తప్పే చెప్పారు. కారణం ఒకటే. తమ ఊహ నిజమైతే 'అవును' వచ్చే అంకెలే అడుగుతూ పోయారు. ఊహ తప్పైతే బయటపడే అంకెలు, 1, 2, 3 లాంటివి, చాలామంది అడగలేదు. ప్రతి 'అవును'కీ నమ్మకం మాత్రం పెరిగింది.

ఏడాదిగానో రెండేళ్లుగానో మీ తోటికోడలి విషయంలో మీరు 8, 10, 12 అడుగుతున్నారు. ఆవిడ ముభావంగా ఉన్న రోజు లెక్కలోకి వస్తోంది, మామూలుగా ఉన్న రోజు రావడం లేదు. ఆవిడ విషయంలో 1, 2, 3 ఏదవుతుంది? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు ఆవిడ ఏం చేసింది? మీకు పిల్లలుంటే వాళ్లతో ఎలా ఉంటుంది? మీకు తప్ప మిగతా అందరికీ కూడా ఆవిడ అలాగే అనిపిస్తుందా? జవాబులు మీ ఊహకు వ్యతిరేకంగానే వస్తాయని నేను చెప్పడం లేదు. అడిగి చూడమంటున్నాను. నా దృష్టిలో సైకాలజీ చదవడం అంటే మొదటి ఏడాదంతా ఇదే: చూసింది వేరు, అనుకున్నది వేరు అని విడదీయడం. మిగతావన్నీ, ఫ్రాయిడ్‌తో సహా, ఆ తర్వాత వచ్చినా నష్టం లేదు.

దీనికి మీకున్నంత మంచి చోటు చాలామంది ఎంఏ విద్యార్థులకు కూడా లేదు. మీ ముందు నుంచి రోజూ వందల మంది వెళ్తారు, అందరూ దాదాపు ఒకే పని చేస్తారు: డబ్బు కడతారు, బిల్లు తీసుకుంటారు. "ఈ రోజుల్లో జనం ఎవరినీ నమ్మట్లేదు" అని మీ షాపులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు కదా. దాన్ని లెక్కపెట్టగలిగే ప్రశ్నగా మార్చండి. బిల్లు చేతికిచ్చాక, కౌంటర్ దాటేలోపు ఎంతమంది దాన్ని చదువుతున్నారు?

వెంటనే చిక్కు మొదలవుతుంది. 'చదవడం' అంటే ఏమిటి? ఓసారి చూసి మడతపెట్టి పర్సులో పెట్టుకుంటే చదివినట్టా? వేలితో ఒక్కో లైనూ చూస్తేనా? ముందే ఒక నిర్ణయానికి రండి: ఆగి, కనీసం మూడు సెకన్లు కాగితం మీదే చూపు ఉంటే చదివినట్టు. తర్వాత ఎదురుగా ఉన్న ఏ కస్టమర్ కోసమూ ఆ నిర్ణయం మార్చొద్దు. ఒంటరిగా వచ్చినవాళ్లు వేరు, కుటుంబంతో వచ్చినవాళ్లు వేరు అని రెండు గడులు. ఒక్కొక్కరికి ఒక్కో గీత. రద్దీ లేని పొద్దున పూట ఒక వంద గీతలు, రద్దీ సాయంత్రం ఒక వంద. పేర్లు రాయొద్దు, ఫోన్‌తో వీడియోలు తీయొద్దు, కస్టమర్లు దానికి ఒప్పుకుని రాలేదు.

తేడా కనిపించిందనుకోండి. సాయంత్రం తక్కువమంది చదువుతున్నారు. అంటే సాయంత్రం వచ్చేవాళ్లు మంచివాళ్లు, నమ్మేవాళ్లు అనా? వెనక లైన్ తోస్తోందనా? బిల్లు చిన్నదనా? మీరు తొందరలో కాగితాన్ని బ్యాగులోనే వేసి ఇస్తున్నారనా? చివరిది కారణమైతే మీరు కొలిచింది జనాన్ని కాదు, మిమ్మల్నే. ఇలాంటి ప్రశ్నలు వాటంతట అవే రావడం మొదలైందంటే, పుస్తకంలో పరిశోధన పద్ధతుల అధ్యాయం మీకు కథలా సాగిపోతుంది. లేకపోతే అందరూ పేజీలు తిప్పేసేది ఆ అధ్యాయాన్నే.

పుస్తకాలంటారా, ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి సైకాలజీ తీసుకోండి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం. ఇంగ్లిష్ తేలికగా ఉంటుంది. పద్ధతులు, ఇంద్రియాలు-అవధానం (ధ్యాస), అభ్యసనం (నేర్చుకోవడం), జ్ఞాపకం, ఆలోచన, భావోద్వేగాలు, ఈ వరసలోనే వెళ్లండి. 12వ తరగతి పుస్తకంలో మానసిక రుగ్మతల అధ్యాయం ఉంటుంది, అందరూ ముందు దాన్నే తెరుస్తారు. మీరు మాత్రం ఆఖరికి ఉంచుకోండి. అది ముందు చదివితే ఇంట్లో ఉన్న ప్రతివాళ్లకూ ఒక రుగ్మత అంటగడతారు, మిమ్మల్నీ వదలరు. 11వ తరగతి అయ్యాక ఇంకా పెద్దది కావాలంటే, ఓపెన్‌స్టాక్స్ వాళ్ల సైకాలజీ పుస్తకం కూడా ఉచితమే.

తెలుగులో కావాలంటే కోఠిలో టెట్, డీఎస్సీ గైడ్లు దొరుకుతాయి. టెట్‌లో శిశువికాసం-పెడగాజీకి 30 మార్కులు కాబట్టి సైకాలజీ వాటిలో దండిగా ఉంటుంది. నిబంధనం, పునర్బలనం, ప్రేరణ లాంటి మాటలు అక్కడ పట్టుబడతాయి. అయితే అవి బిట్ల కోసం రాసినవి. పావ్‌లోవ్ – కుక్క, స్కిన్నర్ – ఎలుక, వుంట్ – లీప్‌జిగ్ – 1879 అని జతపరచడం వస్తుంది గానీ, కుక్క నోట్లో లాలాజలం కొలవాలని ఎందుకు అనిపించిందో రాదు. పావ్‌లోవ్ అసలు మనసు మీద పనిచేయలేదు. జీర్ణక్రియ మీద చేశాడు, 1904లో నోబెల్ వచ్చింది కూడా దానికే. తిండి పెట్టకముందే, పెట్టే మనిషి కనపడగానే కుక్కలకు నోరూరుతుంటే తన లెక్కలు పాడైపోతున్నాయని విసుక్కుని వదిలేయకుండా, దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. గైడులో ఈ ముక్క ఉండదు.

ఇంకో హెచ్చరిక. పుస్తకంలో అచ్చయిందల్లా తేలిపోయిన సంగతి అనుకోవద్దు. 2015లో వివిధ దేశాల పరిశోధకులు కలిసి, పేరున్న సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, సగానికి సగం కూడా అదే ఫలితం ఇవ్వలేదు. వీడియోల్లో తెగ తిరిగే 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం (విద్యార్థులనే ఖైదీలుగా, కాపలావాళ్లుగా ఉంచి చేసింది) మీద కూడా గట్టి విమర్శలున్నాయి, కాపలావాళ్లకు ఎలా ప్రవర్తించాలో ముందే సూచనలు అందాయని. ఏ వీడియో అయినా "సైకాలజీ ప్రకారం" అని మొదలైతే, ఎవరి మీద, ఎంతమంది మీద, మళ్లీ ఎవరైనా చేశారా అని అడగడం అలవాటు చేసుకోండి.

ఇంగ్లిష్ గురించి దిగులు పడకండి. ఒక భాగం చదివి, పుస్తకం మూసేసి, ఏముందో తెలుగులో మీ ఆయనకు చెప్పండి. ఆయన దొరకకపోతే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడికే మళ్లీ వెళ్లండి. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లు వాళ్లను దాటేశారు. మీరు రేపటి పరీక్ష కోసం చదవట్లేదు కదా.

తోటికోడలి సంగతి మిగిలింది. ఇంట్లో ఆ 'నార్సిసిస్ట్' అనే మాట ఇంకెవరి దగ్గరా అనకండి. అది ఆవిడ చెవిన పడితే, ఆ తర్వాత జరిగేదానికి ఏ సైకాలజీ అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేయండి. "అక్కా, గృహప్రవేశం రోజు హడావుడిలో మాట్లాడటమే కుదరలేదు" అనండి, అక్కడితో ఆపి ఆవిడను మాట్లాడనివ్వండి. కోపం ఉంటే బయటపడుతుంది. లేకపోతే అదీ తెలుస్తుంది. రెండూ మీ ఊహకన్నా నమ్మదగ్గ సమాచారమే. ఒక మాట మాత్రం చెప్పాలి. ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తున్నా, కొడుతున్నా, మీ డబ్బు లాక్కుంటున్నా, వాళ్లకు ఏ రుగ్మత ఉందో తేలేదాకా ఆగక్కర్లేదు. వాళ్లు చేస్తున్న పని చాలు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయడానికి. అలాగే చిట్టీ పోయిన దగ్గర్నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదనో, ఎవరిని చూసినా భయమేస్తోందనో ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

రెండు పుస్తకాలూ అయ్యాక కూడా ఎంఏ చేయాలనే ఉంటే, అప్పుడు రెగ్యులర్‌గా చేయాలి. ఉస్మానియాలో సైకాలజీ విభాగం ఉంది, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. బీకామ్ వాళ్లకు ఆ ఏడాది అర్హత ఉందో లేదో నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, అడ్మిషన్ ఏజెంట్ల మాట వినకండి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీకి ఒక కేంద్రం, మెదడు-మనసు అధ్యయనానికి ఇంకో కేంద్రం ఉన్నాయి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేయాలనిపిస్తే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ, ఎన్ఐఈపీఐడీ, ఏయే కోర్సులు నడుపుతోందో కనుక్కోండి. ఎక్కడ చేరినా క్లాసులు పగలే. ఉద్యోగం మానాలా, సాయంత్రం షిఫ్టుకి మారితే సరిపోతుందా అన్నది మీ మేనేజర్‌తో ముందే మాట్లాడుకోండి. అప్పటిదాకా ఆ 18 వేలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేసుకోండి, ఫీజుకు పనికొస్తాయి.